ఒరిగినా నిలిచింది... నిటారుగా ఉన్నదే కూలింది!

నంద్యాల నుంచి తూర్పుగా నల్లమల వైపు వెళ్లే దారిలో అరటి తోటలు మొదలయ్యాయంటే మహానంది దగ్గరపడినట్టే. కొండ మొదట్లో ఊరు. ఊరి నడుమ గుడి. గుడి లోపల కోనేరు, పక్కనే మహానందీశ్వరుడి శిఖరం. శివలింగం అడుగు నుంచి ఊరే నీరు ఏడాది పొడవునా ఆగదు. కోనేటిలోకి వచ్చి, గుడి ముందున్న బ్రహ్మగుండం, విష్ణుగుండం నింపి, అక్కడి నుంచి కాలువలు పట్టి వేల ఎకరాలకు సాగునీరవుతుంది. నవనందులనే తొమ్మిది శివక్షేత్రాల్లో మిగిలిన ఎనిమిదింటికి లేని ఈ జలవైభవమే మహానందికి పేరు తెచ్చింది. అడుగున పడ్డ నాణెం బొమ్మో బొరుసో పైనుంచే చెప్పగలిగేంత తేట నీరు.

మహాశివరాత్రికో, కార్తీక సోమవారానికో వచ్చే భక్తులు నీళ్లకు మొక్కుతారు, నందికి మొక్కుతారు. తలెత్తి శిఖరాన్ని పరీక్షగా చూసేవారు తక్కువ. చూడాల్సిన కట్టడం అది. పాదం కింద నీరు కదులుతుండగా శతాబ్దాల తరబడి అంత బరువు నిటారుగా ఎలా నిలబడింది? ఈ ప్రశ్నే ఇటలీలో ఒక ఊరిని ఎనిమిది వందల ఏళ్లుగా వెంటాడుతోంది. మన దగ్గర శ్రీకాళహస్తిలో 2010లో ఒక రాత్రి అదే ప్రశ్న రాళ్ల గుట్టై కూలింది.

మహానంది గుడి తొలి కట్టడం బాదామి చాళుక్యుల కాలం, అంటే 7వ శతాబ్దం నాటిదని చరిత్రకారుల లెక్క. తర్వాత వచ్చిన రాజులు, దాతలు మండపాలు, ప్రాకారాలు, గోపురం చేరుస్తూ పోయారు. గర్భగుడి మీది శిఖరం మాత్రం ఆ పాత బాణీనే చాటుతుంది. తమిళ దేశపు గుళ్లలోలా మెట్లు మెట్లుగా పైకి లేచే విమానం కాదిది. నాలుగు వైపుల నుంచీ కొద్దికొద్దిగా లోపలికి వంగుతూ లేచి, పైన గుండ్రటి పక్కల ఆమలకంతో, ఆపైన కలశంతో ముగిసే నాగర శిఖరం. ఇదే కుటుంబానికి చెందిన శిఖరాలను అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో, నంద్యాల పక్కనే పాణ్యంలో, ఉమ్మడి ప్రకాశం జిల్లా సత్యవోలులో చూడొచ్చు. కృష్ణా, తుంగభద్ర, కుందూ నదుల మధ్య చాళుక్య శిల్పులు వేసిన బాట అది.

ఈ ఆకారంలో అందంతో పాటు లెక్క కూడా ఉంది. పైకి పోయేకొద్దీ శిఖరం సన్నబడుతుంది కాబట్టి బరువులో పెద్ద వాటా కింది వరుసల్లోనే ఉంటుంది. ఆ బరువంతా గర్భగుడి మందపాటి గోడల మీదుగా అధిష్ఠానంలోకి, అక్కడి నుంచి నేలలోకి దిగుతుంది. బరువు కేంద్రం కిందికి ఉన్న కట్టడం తొందరగా తూలదు. అడుగుభాగం వెడల్పు, మొత్తం ఎత్తు పొదుపు. మహానంది శిల్పులు ఆకాశాన్ని అందుకోవాలని పోటీ పడలేదు.

నేల సంగతి ఇంకా ముఖ్యం. నంద్యాల చుట్టూ కుందూ లోయ అంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఆ నేల మీద ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబానికీ గోడ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట తెలుసు. అనుభవమున్న మేస్త్రీ ఎవరైనా రేగడి పొర దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వనిదే రాయి వేయడు. కట్టడానికి శత్రువు నీరు ఒక్కటే అనుకోకూడదు. ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువగా మారుతూ ఉండే తడి అంతకంటే ప్రమాదం.

మెత్తటి నేల మీద పాలరాతి గంట

ఆ ప్రమాదం ఎలా ఉంటుందో లోకానికి చూపించిన కట్టడం పీసా గంటగోపురం. ఇటలీలో ఆర్నో నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరి ఊరు పీసా. నదులు మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుక, మెత్తటి బంకమట్టి పొరల మీద ఉంది. సముద్ర వర్తకంతో డబ్బు గడించిన ఆ నగరం తన పెద్ద చర్చి పక్కన గంటల కోసం ఒక గుండ్రటి పాలరాతి గోపురం తలపెట్టింది. రాళ్లు కొనడానికి 1172లో బెర్తా అనే వితంతువు అరవై నాణేలు రాసిచ్చిందని పాత పత్రం చెబుతోంది. 1173లో పని మొదలైంది.

మన కాలపటంలో పెడితే ఆ ఏడు ఇంకా బాగా గుర్తుంటుంది. అప్పటికి పదేళ్ల ముందే, 1163లో, హనుమకొండలో కాకతి రుద్రదేవుడి వేయిస్తంభాల గుడి నిలబడింది.

పీసా గోపురం పునాది లోతు మూడు మీటర్లు మాత్రమే. మోయాల్సిన బరువు చివరికి 14,500 టన్నులు. మూడో అంతస్తు లేస్తుండగానే, 1178 ప్రాంతంలో, నేల కుంగడం తెలిసింది. ఇంతలో ఇరుగుపొరుగు నగరాలతో యుద్ధాలు వచ్చి పడ్డాయి. దాదాపు వందేళ్లు పని ఆగిపోయింది. ఆ యుద్ధాలే గోపురాన్ని కాపాడాయని ఇంజనీర్లు ఇప్పుడు అంటారు. ఆగకుండా కట్టుకుంటూ పోయి ఉంటే మెత్తటి బంకమట్టి ఆ బరువు కింద జారిపోయేది. వందేళ్ల విరామంలో మట్టిలోని నీరు మెల్లగా పిండుకుపోయి, నేల కాస్త గట్టిపడింది.

1272లో జొవాన్నీ ది సిమోనె మళ్లీ పని అందుకున్నాడు. ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న కాలం అది. ఒరిగిన వైపు రాళ్లను కొంచెం ఎత్తుగా పేర్చి పై అంతస్తులను సరిచేయాలని చూశారు. ఫలితంగా గోపురం ఒరగడంతో పాటు నడుము దగ్గర వంపు కూడా తిరిగింది. నేటికీ జాగ్రత్తగా చూస్తే ఆ వంపు కనిపిస్తుంది. 1284లో జెనోవా చేతిలో పీసా నౌకాదళం ఓడిపోయి పని మళ్లీ ఆగింది. ఏడో అంతస్తు 1319కి పూర్తయింది. పైన గంటల గది 1372లో కట్టారు. మొదటి రాయికీ చివరి రాయికీ మధ్య దాదాపు రెండు వందల ఏళ్లు. ఎత్తు ఒక పక్క 55.86 మీటర్లు, ఇంకో పక్క 56.67 మీటర్లు. గంటలు ఏడు, వాటిలో పెద్దది 1655లో ఎక్కించారు.

తర్వాత వచ్చినవారు చేసిన మరమ్మతులు రోగం కంటే ఎక్కువ హాని చేశాయి. నేలలో కూరుకుపోయిన అడుగుభాగం జనానికి కనబడాలని 1838లో గోపురం చుట్టూ కందకం తవ్వారు. ఒరుగుడు పెరిగింది. 1934లో ముస్సోలినీ ప్రభుత్వం పునాదిలో వందల రంధ్రాలు వేసి టన్నుల కొద్దీ సిమెంటు ఎక్కించింది. ఇంకా పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఊరి అవసరాలకు భూగర్భజలం విపరీతంగా తోడారు. మళ్లీ పెరిగింది. బోర్ల మీద బతికే రాయలసీమ పాఠకుడు ఈ చివరి ముక్క దగ్గర ఒక క్షణం ఆగాలి.

1989 మార్చి 17న ఇటలీలోనే పవియా ఊళ్లో మధ్యయుగపు గోపురం ఒకటి ఉన్నట్టుండి కూలి నలుగురు చనిపోయారు. అది ఒరిగిన గోపురం అని ఎవరూ అనుకోలేదు. ఆ దెబ్బకు ప్రభుత్వం 1990 జనవరి 7న పీసా గోపురానికి తాళం వేసింది. అప్పటికి ఒరుగుడు 5.5 డిగ్రీలు. శిఖరాగ్రం పాదం కంటే నాలుగున్నర మీటర్లు పక్కకు జరిగి ఉంది.

మిఖేలె యమోల్కోవ్‌స్కీ అధ్యక్షతన వేసిన నిపుణుల సంఘంలో లండన్ ఇంపీరియల్ కాలేజీ ఆచార్యుడు జాన్ బర్లాండ్ ఒకరు. మొదట తాత్కాలిక చికిత్సగా పైకి లేచిన ఉత్తరం వైపు పునాది మీద 600 టన్నుల సీసపు దిమ్మెలు పెట్టారు. ఒరుగుడు ఆగింది. కానీ 1995 సెప్టెంబరులో నేలను గడ్డకట్టించి లంగర్లు దించబోతే, గోపురం ఒక ఏడాదిలో కదలాల్సినంత ఒక్క రాత్రిలో కదిలింది. హడావిడిగా ఇంకో మూడు వందల టన్నుల సీసం చేర్చి ఆపాల్సి వచ్చింది.

చివరికి గెలిపించిన ఉపాయం వింటే ఏ ఊరి మేస్త్రీకైనా ఇట్టే అర్థమవుతుంది. ఒక పక్కకు ఒరిగిన మంచాన్ని సరిచేయడానికి ఎత్తుగా ఉన్న కోడు కింద మట్టి తీసినట్టు, ఉత్తరం వైపు పునాది కింద నుంచి కొంచెం కొంచెంగా మట్టి తోడారు. 1999 నుంచి 2001 దాకా తీసింది మొత్తం 38 ఘనపు మీటర్లు. నాలుగైదు లారీలకు మించదు. గోపురం సుమారు 45 సెంటీమీటర్లు వెనక్కి వచ్చి 1838 నాటి స్థితికి చేరింది. 2001 డిసెంబరు 15న మళ్లీ తలుపులు తెరిచారు. ఇప్పుడు ఒరుగుడు దాదాపు 4 డిగ్రీలు. పూర్తిగా నిటారు చేయగలిగినా చేయలేదు. ఒరగని పీసాను చూడటానికి ఎవరు వస్తారు?

ఈ మొత్తం వ్యవహారంలో మట్టి తోడటం కంటే విలువైన పని ఇంకొకటుంది. కొలవడం. మిల్లీమీటరులో వందో వంతు కదిలినా తెలిసేలా గోపురం నిండా పరికరాలు పెట్టారు. భారీ వానలకు ఉత్తరం వైపు నేలలో నీటిమట్టం పెరిగి గోపురం దక్షిణానికి జరుగుతోందని ఆ కొలతల వల్లే బయటపడింది. అందుకు విడిగా నీరు బయటికి పోయే కాలువ వేశారు. 2008లో బర్లాండ్, చరిత్రలో మొదటిసారి గోపురం కదలిక ఆగిందని ప్రకటించగలిగింది అందుకే.

కాళహస్తి గాలిగోపురం

కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రల కాలంలో మన ప్రాంతం మీదుగానే నడిచాడు. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలం స్వామిని దర్శించి కానుకలిచ్చాడు. దిగువ అహోబిలంలోని జయస్తంభం ఆ విజయాల గుర్తే. అదే రోజుల్లో, 1516లో, స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తిలో నూరుకాళ్ల మండపాన్నీ, ఏడంతస్తుల రాజగోపురాన్నీ కట్టించాడు. గుడికి ఎడంగా, ఊరి మధ్యలో ఒంటరిగా లేచిన ఆ గాలిగోపురం దాదాపు ఐదు వందల ఏళ్లు కాళహస్తికి గుర్తు. ఊరికి వచ్చేవాళ్లకు దూరాన మొదట కనిపించేది అదే.

విజయనగర గోపురాల నిర్మాణం ఒక పద్ధతిలో సాగుతుంది. కింది భాగం చెక్కిన రాయి. దాని మీద అంతస్తులన్నీ ఇటుక, సున్నం. బొమ్మలు గచ్చు. రాయి మీద బరువు తగ్గించడానికి పైన ఇటుక వాడటం తెలివైన పనే. అయితే ఇటుకకూ సున్నానికీ ఒంట్లో తడి చేరకుండా ఎప్పటికప్పుడు చూసుకునే చేయి కావాలి. మధ్యలో నిలువెత్తు ద్వారం ఉంటుంది కాబట్టి గోపురం నిజానికి రెండు కాళ్ల మీద నిలుస్తుంది. ఆ రెండు కాళ్ల కింద నేల రెండు రకాలుగా కుంగితే బీట నడిమధ్యలో పడి పైకి పాకుతుంది.

కాళహస్తి గోపురానికి బీటలు కొత్త కాదు. 2010 మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారంలోనే బీటలు వెడల్పయ్యాయి. అధికారులు చుట్టుపక్కల దుకాణాలు, ఇళ్లు ఖాళీ చేయించారు. మే 26 రాత్రి ఎనిమిది ప్రాంతంలో గోపురం కూలిపోయింది. ముందుగా జనాన్ని పంపించేయడం వల్ల పెద్ద ప్రాణనష్టం తప్పింది. టీవీల్లో ఆ దృశ్యం చూసి కన్నీళ్లు పెట్టుకున్న తెలుగువారు ఎందరో. తరాల తరబడి పెళ్లిళ్లకు, రాహుకేతు పూజలకు వెళ్లినవాళ్లకు ఆ గోపురం ఇంటి పెద్ద లాంటిది కాదు, ఇంటి పెద్దే.

తర్వాత అదే చోట కొత్త గోపురం లేచింది. 2017 ఆరంభంలో ప్రతిష్ఠ జరిగింది. ఊరికి మళ్లీ ముఖం వచ్చింది. అయితే రాయలు చూసిన ఇటుక, రాయల నాటి గచ్చు బొమ్మ మాత్రం ఇక లేవు.

వెనిస్ నగరానికీ ఇదే అనుభవం. అక్కడి పెద్ద గంటగోపురం 1902 జులై 14 ఉదయం కూలిపోయింది. అంతకు కొద్దిరోజుల ముందు గోడలో బీట కనిపిస్తే, అది పెరుగుతోందో లేదో తెలియడానికి అడ్డంగా గాజు పలకలు అతికించారు. పలకలు పగిలాయి. అదురుకు గోపురం కదలకూడదని చౌకులో వాద్యబృందం కచేరీ కూడా ఆపేశారు. మైదానం ఖాళీ చేయించడంతో మనుషులెవరూ చనిపోలేదు. ఎక్కడ ఉందో అక్కడే, ఎలా ఉందో అలాగే కడతామని పట్టుబట్టి 1912 ఏప్రిల్ 25న కొత్తది ప్రారంభించారు.

కాళహస్తి, వెనిస్ గోపురాలు రెండూ నిటారుగానే ఉండేవి. కంటికి ఒరిగినట్టు కనిపించిన పీసాకు వైద్యం అందింది. నిటారుగా కనిపించినవాటికి చివరి వారం దాకా వైద్యుడే రాలేదు.

మనవాళ్లకు తెలిసిన విద్య

మన పెద్దలకు నేల గురించి తెలియదని ఎవరైనా అంటే ములుగు జిల్లా పాలంపేట చూపించాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి పునాదిలో ఇసుక నింపారు. భూమి కంపిస్తే ఆ ఊపును ఇసుక పొర కొంత మింగుతుంది. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడి పైబరువు తగ్గించారు. పీసాలో పని ఆగిపోయి గడ్డి మొలుస్తున్న రోజుల్లో ఇక్కడ ఈ ప్రయోగం పూర్తయింది. 2021లో యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి ఈ రెండు విశేషాలూ లెక్కలోకి వచ్చాయి.

ఇక హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం. కుంగి, స్తంభాలు పక్కలకు జరిగిన ఆ మండపాన్ని 2006లో పురావస్తు శాఖ రాయి రాయిగా విప్పింది. పునాది కొత్తగా వేసి 132 స్తంభాలను మళ్లీ నిలబెట్టి 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, భక్తులకు తెరిచారు. పద్దెనిమిదేళ్లు పట్టడం బాధాకరమే. అయినా విప్పి కట్టగల చేతులు మన దగ్గర ఉన్నాయని అది రుజువు చేసింది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తరలించిందీ ఆ చేతులే.

మహానందికి ఎంతో దూరం లేని ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు ఈనాటికీ ఆగలేదు. విగ్రహాలు, ధ్వజస్తంభాలు, మండప స్తంభాలు అక్కడ చెక్కి ఊరూరికీ పంపుతారు. రాయి నాడి తెలిసిన ఆ శిల్పులను కొత్త గుళ్లకే పరిమితం చేయడం మన ప్రాంతానికి నష్టం. పాత గోపురం మీద ఏ రాయి పట్టు వదిలిందో, ఏది ఇంకా మోస్తోందో రాయి మీద తట్టి చెప్పగలవాళ్లు వాళ్లు. ఐఐటీ ఇంజనీరు పరికరం పక్కన ఆళ్లగడ్డ శిల్పి చెవి కూడా ఉండాలి.

గోపురాలను పాడుచేసేది ఎక్కువసార్లు భూకంపం కాదు. పక్షులు వదిలిన గింజ నుంచి గచ్చు సందులో మొలిచే రావిమొక్క. చిన్నప్పుడు వేలితో పీకెయ్యొచ్చు. రెండేళ్లు వదిలేస్తే వేరు ఇటుకల మధ్యకు దిగి గోడను విడదీస్తుంది. తర్వాతిది సిమెంటు. సున్నపు కట్టడం తడిని పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే లోపలి తడి బయటికి రాలేక ఇటుకను తినేస్తుంది. పాతకాలం నాటి గానుగ సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్లతో చేసే గచ్చు పని తెలిసినవారు తగ్గిపోతున్న కొద్దీ సిమెంటు బస్తా సులువైన మందైపోయింది. ఇవి కాక గోపురం పాదాన నిలిచే మురుగు, అడుగు దూరంలో వేసే బోరు, విద్యుద్దీపాల కోసం గోడకు వేసే రంధ్రాలు.

పీసా ఖర్చు మనం పెట్టలేమన్న సాకు ఇక్కడ పనికిరాదు. బీట మీద అతికించే గాజు ముక్కకు ఖర్చెంత? నెలకోసారి తూకంగుండు వేలాడదీసి తేదీతో సహా రాసి పెట్టడానికి ఖర్చెంత? కాళహస్తి గోపురానికి ఇరవై ఏళ్ల పాటు అలాంటి పుస్తకం ఒకటి ఉండి ఉంటే, బీట ఎప్పుడు కదిలిందో, ఎంత వేగంగా కదిలిందో ఊరికి ముందే తెలిసేది.

దేవాదాయ శాఖ రాష్ట్రంలో ప్రతి పాత గోపురానికీ ఒక కొలతల పుస్తకం తెరవాలి. నంద్యాల జిల్లాతో మొదలుపెట్టడానికి మహానంది, అహోబిలం, యాగంటి, పాణ్యం చాలు. ఈ కార్తీకంలో మహానంది వెళ్లే పాఠకులు కోనేటి మెట్టు మీద ఒక్క నిమిషం నిలబడి శిఖరం వైపు, గోపురం వైపు తలెత్తి చూడండి. ఎక్కడైనా కొత్త బీట, రావిమొక్క, తడిమచ్చ కనిపిస్తే ఫోనులో ఫొటో తీసి, తేదీ వేసి, ఆలయ కార్యాలయంలో కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.